చదరపు అడుగు వెలుగు

తిరువూరు మెయిన్ రోడ్డులో, బస్టాండుకి కాస్త ఇవతల, సైకిలు షాపు మేడ మీద గది అద్దెకు తీసుకుని బోర్డు పెట్టించాను. నా వ్యాపారానికి మొదటి విమర్శకుడు ఆ బోర్డు రాసిన పెయింటరే. అతను అక్షరానికి ఇంత అని తీసుకునేవాడు. “లైటింగు డిజైను” అని రాయమంటే కుంచె ముంచబోయి ఆగాడు.

“లైటింగు దాకా అర్థమైందండి. ఆ రెండోది ఎందుకు? ఆ మూడక్షరాల డబ్బులూ మిగుల్తాయి గదా.”

ఆ రెండో మాటే నా వ్యాపారమని చెప్పాను. అతను నా వంక చాలా దయగా చూసి, ఆ మూడక్షరాలూ సగం రేటుకి రాసిపెట్టాడు. ఈ వృత్తిలో నాకు దొరికిన మొదటి రాయితీ అది. చాలాకాలం పాటు చివరిది కూడా అదే.

డెబ్భైల్లో సంగతి. బెజవాడలో ఫిజిక్సు చదివి, బీయస్సీ పట్టా పుచ్చుకుని వచ్చి, మా ఊరి మైకు సెట్టు షాపులో రెండేళ్లు పనిచేశాను. ఆ షాపు యజమాని నన్ను ఎప్పుడూ పేరుపెట్టి పిలవలేదు. “బీయస్సీగారూ, ఆ నిచ్చెన పట్టుకోండి”, “బీయస్సీగారూ, ఆ ఫ్యూజు చూడండి” అనేవాడు. పిలుపులో గౌరవానికి ఏ లోటూ లేదు. నిచ్చెన మాత్రం నేనే మోసేవాణ్ణి.

ఆ రోజుల్లో మా వైపు వెలుగును బల్బుల లెక్కన అమ్మేవారు. పెళ్లికైనా, కల్యాణోత్సవానికైనా, క్రిస్మసుకైనా రంగురంగుల సీరియల్ బల్బులు తోరణాలుగా కట్టడం, బల్బుకు ఇంత అని తీసుకోవడం. డబ్బులిచ్చే ముందు ఊళ్లో నమ్మకస్తుడొకాయన చీకటి పడగానే వచ్చి, వెలుగుతున్న బల్బులన్నీ లెక్కపెట్టేవాడు. వెలగనిది లెక్కలోకి రాదు. ఆయన చెప్పిన అంకెకు తిరుగులేదు. ఇటు మాకూ అటు వాళ్లకూ ఆ అంకే శాసనం.

మా ఊళ్లో ఆ పెద్దమనిషి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మేష్టారు. చర్చిలో సంఘపెద్ద కూడా. ఆయన కుడి జేబు నిండా చింతగింజలు ఉండేవి. పది బల్బులు లెక్కపెట్టగానే ఒక గింజ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మారేది. ఎనిమిది వందల బల్బుల తోరణాన్ని ఆయన ఒక్కసారి చూసుకుంటూ నడిచి వెళ్తే, ఎడమ జేబులో డెబ్భై తొమ్మిది గింజలు ఉండేవి. మిగతావి మాడిపోయిన బల్బులు. నాకూ ఆయనే లెక్కలు చెప్పారు. గదికి సున్నం వేసే లెక్క ఒకటుంటుంది చూడండి: గది పొడవింత, వెడల్పింత, ఎత్తింత, చదరపు అడుగుకు ఇంత చొప్పున నాలుగు గోడలకు సున్నానికి ఎంతవుతుంది, తలుపులూ కిటికీలూ తీసివేయగా? ఆ తీసివేయడం నేను ప్రతిసారీ మర్చిపోయేవాణ్ణి. “ఒరేయ్, తలుపులకి కూడా సున్నం కొడతావట్రా, ఇంట్లోకి ఎట్లా పోతావు?” అని చెవి పట్టుకునేవారు.

రెండేళ్లు బల్బులు కట్టాక నాకొక అనుమానం వచ్చింది. మనిషి చూడాల్సింది వెలుగునా, బల్బునా? ఎవర్నడిగినా వెలుగునే అన్నారు. అని, బల్బులు లెక్కపెట్టుకున్నారు.

అయినా షాపు మానేసి బోర్డు పెట్టాను. గ్రాఫు కాగితం మీద ముందుగా బొమ్మ గీసేవాణ్ణి: ఏ చెట్టు మీద ఎంత వెలుగు పడాలి, ఎక్కడ చీకటి వదిలెయ్యాలి. ఆ బొమ్మ చూసి చాలామంది మెచ్చుకున్నారు. కొందరు, ఇంత చదువుకున్నవాడు కదా అని, టార్చిలైట్లు బాగుచెయ్యమని తెచ్చారు. చేసిచ్చాను. అద్దె కట్టాలిగా.

రెడ్డిగూడెంలో ఒక పెళ్లికి మొదటిసారి నా పద్ధతిలో పనిచేశాను. మామిడితోట పక్కనే పందిరి. మొదళ్ల వెనకాల దీపాలు దాచి, కొమ్మల మీదికి కింది నుంచి వెలుగు పంపాను. భోజనాల బంతిలో కూర్చున్నవాళ్లు విస్తరి వదిలి పైకి చూస్తూ కూర్చున్నారు. పెళ్లికూతురి తండ్రి నా భుజం తట్టి, “ఎంత బాగుంది బాబూ! ఎక్కడ నేర్చుకున్నావు?” అన్నాడు. అని, గేటు మీది బల్బులు లెక్కపెట్టి ఆ తొమ్మిది బల్బులకే డబ్బులిచ్చాడు. ఆయన మోసగాడు కాదు. కనబడని బల్బుకు డబ్బిచ్చాడని తెలిస్తే ఊళ్లో ఆయన పరువేం కావాలి?

ఈ కబురు నూజివీడులో మా మామగారికి చేరింది. ఆయనకు పురుగుమందుల షాపు ఉంది. డబ్బా తూచి, బిల్లు రాసి, డబ్బు పుచ్చుకునే మనిషి. ఒకసారి వచ్చి నా గదిలో ఉన్న ఒక్క బల్లమీదా కూర్చుని, గ్రాఫు కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేశారు.

“అల్లుడుగారూ, బొమ్మలు బాగున్నాయి. క్రిస్మసు దాకా చూద్దాం. ఒక్క పని మీ పద్ధతిలో చేసి, మీరడిగిన రేటు తీసుకుని చూపించండి. నేను మళ్లీ ఈ మాట ఎత్తను. లేదంటే జనవరి ఒకటిన వచ్చి మన కొట్లో కూర్చోండి.”

న్యాయమైన మాట. ఒప్పుకోక తప్పలేదు. వారం తిరక్కుండా మా ఆవిడ పుట్టింటికి వెళ్లొచ్చి వార్త చెప్పింది.

“ఏవండీ, మా నాన్న మీకోసం కుర్చీకి కొత్త వైరు అల్లించాడు.”

“ఏ రంగు?”

“పచ్చది.”

“నా వీపు అడిగి అల్లించాల్సింది.”

“అడక్కపోయినా కొలత తెలుసు లెండి. ఏడాదిగా ఇంట్లో చూస్తున్నదదేగా” అంది. నేను ఇంట్లో ఎప్పుడూ గోడవైపు తిరిగి గ్రాఫు కాగితం మీదే ఉంటానని ఆవిడ ఫిర్యాదు.

ఇక మిగిలింది ఒక్క క్రిస్మసు. ఆ యేడు మా ఊళ్లో మేష్టారు పెద్దగా ఉన్న చర్చికి కొత్తగా సున్నం వేయించారు. మైకు షాపు యజమాని ఎనిమిది వందల బల్బులకు బేరం మాట్లాడుకుని వెళ్లాడు. కానీ సీరియల్ తోరణాలు నిలబడాలంటే మేకులు కొట్టాలి. తడి ఆరీ ఆరని కొత్త సున్నం మీద ఒక్క మేకు పడటానికి వీల్లేదని పాస్టరుగారు పట్టుబట్టారు. మేకు అక్కర్లేని లైటింగు ఎవరి దగ్గరుందని వెతికితే నేను దొరికాను. నా కళను ఆదరించిన మొదటి గుణం మేకుల మీది కోపం. ఏదైతేనేం, ఆదరణ ఆదరణే.

మేష్టారు గ్రాఫు కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశారు.

“ఒరేయ్, ఇందులో బల్బులేవిరా?”

“వసారా పైన పిట్టగోడ ఉంది కదండీ, దాని వెనకాల ఉంటాయి. కింద నుంచి కనబడవు. వెలుగు మాత్రం గోడ మీద, గంట గోపురం మీద పడుతుంది.”

“కనబడకపోతే నేనెట్లా లెక్కపెట్టేది?”

“లెక్కపెట్టక్కర్లేదు మేష్టారూ. గోడ చూస్తే చాలు.”

“ఊరికే చూసి డబ్బులిస్తే, సంఘం నన్ను చూస్తుంది.”

ఎనిమిది వందల బల్బులకు ఎంతవుతుందో అంతా నాకు కావాలన్నాను. చర్చి కమిటీలో ఒకాయన దగ్గాడు. చివరికి మేష్టారు తీర్పు చెప్పారు: పని చెయ్యనిద్దాం, ఆనవాయితీ ప్రకారం తను లెక్కపెడతారు, ఆ అంకె కమిటీకి చెప్తారు, ఇచ్చేది కమిటీ ఇష్టం. నేను సరేనన్నాను. సరేననకపోతే పచ్చ కుర్చీ ఉంది.

ఖాళీ నూనె డబ్బాలు కోసి, లోపల తళతళలాడేలా తోమి, ఒక్కో డబ్బాలో ఒక్కో వంద క్యాండిల్ బల్బు పెట్టి, అలాంటివి ఇరవై నాలుగు వసారా పైకి ఎక్కించాను. ఇంకొక ముఖ్యమైన పనిముట్టు మిగిలింది: బియ్యం మిల్లు. మా ఊళ్లో సాయంత్రం మిల్లు ఆడుతున్నంతసేపూ వోల్టేజి ఉండేది కాదు. బల్బులో తీగ ఎర్రగా సిగ్గుపడి ఊరుకునేది. మిల్లు యజమాని దగ్గరికి వెళ్లాను.

“నీ లైట్ల కోసం మిల్లు ఆపమంటావా ఏంటి?”

“ఆపొద్దండీ. మామూలుగా ఎన్నింటికి ఆపుతారో అది చెప్పండి చాలు.”

“ఆరున్నరకి.”

డిజైనులో ఆరున్నర అని రాసుకున్నాను.

క్రిస్మసు ముందురోజు సాయంత్రం ఆరింటికి స్విచ్చి వేశాను. చర్చి గోడ మీద ఎండిన నిమ్మతొక్క రంగు ఒకటి కనబడీ కనబడనట్టు పరుచుకుంది. పాటలకు వచ్చినవాళ్లు, పొలం పని ముగించుకుని వచ్చినవాళ్లు, రోడ్డున పోయేవాళ్లు ఆగి చూశారు.

“ఇంతేనా?”

“ఇంకా పెట్టలేదేమోలే.”

“పెట్టాడంట. ఇదేనంట.”

మైకు అతనిదే కనక మైకు షాపు యజమాని అక్కడే ఉన్నాడు. నా పక్కకొచ్చి చాలా మెల్లగా అన్నాడు: “బీయస్సీగారూ, నిచ్చెన నా దగ్గర ఇంకా ఉంది. ఎప్పుడైనా రావచ్చు.”

నేను గడియారం చూస్తున్నాను. ఆరున్నర దాటింది. ఆరూ ముప్పై అయిదు. మిల్లు యజమాని మాట తప్పాడనుకుంటుండగా, ఎక్కడో దూరాన పొద్దుటి నుంచీ ఆగకుండా వస్తున్నందువల్ల ఎవరి చెవికీ ఆనని ఆ మిల్లు చప్పుడు ఆగిపోయింది.

గోడ తెల్లబడటం మొదలుపెట్టింది. ఎవరూ ఏమీ చెయ్యలేదు. పాలు పొంగడానికి ముందు గిన్నెలో పైకి లేస్తాయి చూడండి, అలా వసారా మీదినుంచి వెలుగు పైకి లేచింది. కిటికీల మీది కమానులు దాటి, గంట గోపురం ఎక్కి, పైన శిలువ దాకా వెళ్లింది. కొత్త సున్నం. కింద ఒక్క బల్బు కనబడటం లేదు. ఆ గోడే వెలుగుతున్నట్టు ఉంది. గీసినవాణ్ణి నేను, వైరు లాగినవాణ్ణి నేను. ఏ డబ్బా ఏ మూల ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను. అయినా ఇది నాకు తెలిసిన వస్తువు కాదు. చేతిలో స్క్రూడ్రైవరుందన్న సంగతి మర్చిపోయి దాంతోనే నమస్కారం పెట్టానని తర్వాత మా ఆవిడ చెప్పింది.

రెడ్డిగూడెం వైపు నుంచి వచ్చిన బస్సు రోడ్డు మధ్యలో ఆగింది. కండక్టరు కూడా దిగాడు.

అంతమందిలోనూ కదిలిన మనిషి ఒక్కరే. మేష్టారు కుడి జేబు తడుముకుని, “ఏదిరా నిచ్చెన?” అన్నారు.

“మేష్టారూ, ఇప్పుడెందుకండీ?”

“లెక్కపెట్టొద్దూ!”

అరవై దాటిన మనిషి, కండువా నడుముకు బిగించి నిచ్చెన ఎక్కారు. పిట్టగోడ దాటి వసారా మీద దిగి, మొదటి డబ్బా దగ్గర వంగి, వేలు చాపారు.

ఇది నా గ్రాఫు కాగితంలో లేదు.

గోడ నిండా మేష్టార్లు లేచారు. ఒక్క నీడైతే ఎవరైనా ఊహిస్తారు. ఇరవై నాలుగు దీపాలు. ఒక్కో దీపానికీ ఒక్కో నీడ. దగ్గర దీపానివి నల్లగా, గోపురమంత ఎత్తున. దూరపువి పల్చగా, ఒకదాని వెనక ఒకటి, విసనకర్ర విప్పినట్టు. ఇరవై నలుగురు మహాకాయులు ఒక్కసారిగా వంగి, ఒక్కసారిగా చెయ్యెత్తి, ఒక్కసారిగా వేలు చూపించారు. ఆయన ఒక అడుగు వేస్తే అందరూ అడుగు వేశారు. వెనకవాళ్లు ముందుకొచ్చి నల్లబడ్డారు, ముందువాళ్లు వెనక్కి తగ్గి పల్చబడ్డారు. ఆ వేళ్లు గోడ పొడవునా దేన్నో ఒక్కొక్కటిగా, తొందరపడకుండా, ఒక్కటీ వదలకుండా లెక్కిస్తున్నాయి.

నాకు ఫిజిక్సు తెలుసు. ఆ క్షణాన దానివల్ల పెద్ద ఉపయోగం కనబడలేదు.

ఒక ముసలమ్మ చేతులు జోడించి, “ఎవరయ్యా ఆళ్లంతా?” అని అడిగింది.

పక్కనున్నామె, “దూతలేమో పిన్నీ” అంది. కాసేపు చూసి, “కాదు, మన మేష్టారే. ఆ చెవులు చూడు” అంది.

ఎవరూ నవ్వలేదు. ఊళ్లో సగంమంది ఆ వేలి ముందు ఎక్కాలు అప్పజెప్పినవాళ్లే. నేను సర్దుకుని నిలబడ్డాను. నా పక్కన మైకు షాపు యజమాని కూడా చొక్కా గుండీ పెట్టుకోవడం చూశాను.

పదో డబ్బా దగ్గర మేష్టారు జేబులో చెయ్యి పెట్టారు. గోడ మీద ఇరవై నాలుగు చేతులు ఇరవై నాలుగు జేబుల్లోకి వెళ్లాయి. ఆయన రెండో గింజ కూడా మార్చి, చివరి నాలుగూ లెక్కపెట్టి వెనక్కి తిరగబోతుంటే మైకులో గట్టిగా వినిపించింది: “మేష్టారూ! కదలకండి! ఒక్క నిమిషం అక్కడే ఉండండి!” నా పాత యజమాని గొంతు. రెండేళ్లలో అతను ఒక దీపం గురించి అంత ఆత్రంగా మాట్లాడటం నేను వినలేదు.

మేష్టారు మాత్రం దిగొచ్చారు. తన వెనక గోడ మీద ఏం జరిగిందో ఆయనకు తెలియదు. ఆయన చూసింది డబ్బాలు.

“ఇరవై నాలుగు” అన్నారు.

నా గుండెలో పచ్చ వైరు బిగుసుకుంది. శాసనం వెలువడింది. కమిటీలో దగ్గినాయన, “ఇరవై నాలుగు బల్బులకి ఎనిమిది వందల బల్బుల డబ్బులెట్లా ఇస్తామండీ?” అన్నాడు. ఆయన అడిగిందాంట్లో తప్పేం లేదు.

మేష్టారు రోడ్డు దాకా నడిచి, వెనక్కి తిరిగి, అప్పుడు మొదటిసారి గోడను చూశారు. బస్సు ఇంకా అక్కడే ఉంది. ఆయన చాలాసేపు చూశారు. చేతిలో ఒక చింతగింజ ఉంది, దాన్ని ఏ జేబులో వెయ్యాలో తోచనట్టు పట్టుకున్నారు.

“ఈ గోడకి సున్నం వేసినవాడికి ఎట్లా ఇచ్చాం?” అని అడిగారు.

“చదరపు అడుక్కి ఇంతని.”

“వాడి కుంచెలెన్నో లెక్కపెట్టామా?”

“లేదండి.”

“మరి వీడి డబ్బాలు నేనెందుకు లెక్కపెట్టాను? వీడు వేసిందీ గోడకేగా.” నావైపు తిరిగారు. “ఒరేయ్, రేపు పొద్దుగూకగానే టేపు పట్టుకురా. కొలుద్దాం. ఈసారైనా తలుపులూ కిటికీలూ తీసేసి ఏడు.”

మర్నాడు క్రిస్మసు. గడువు రోజు కనక మా మామగారు మధ్యాహ్నం బస్సుకు దిగారు. వెలుగును టేపుతో కొలుస్తున్నామని చెబితే నా ఆరోగ్యం గురించి కూతురి మొహంలోకి చూశారు. కానీ కొలత అంటే ఆయనకు ఊరుకోబుద్ధి కాదు. సాయంత్రం మిల్లు ఆగేసరికి వసారా మీద నిలబడి టేపు ఒక కొస ఆయనే పట్టుకున్నారు.

వెడల్పుకు ఇబ్బంది రాలేదు. ఎత్తు దగ్గర వచ్చింది. గోపురం మీద వెలుగు పైకి పోయేకొద్దీ పల్చబడి చీకట్లో కలిసిపోతుంది. ఎక్కడిదాకా నాది? నేను నిచ్చెనెక్కి గోడ దగ్గరగా చూస్తే అంచు అన్నదే లేదు. మేష్టారు రోడ్డు మీద నిలబడి కేకలేస్తున్నారు.

“అక్కడే! నీ చేతి మీదే ఉంది!”

“ఇక్కడేం లేదు మేష్టారూ!”

“నీకు కనబడదురా, దగ్గరున్నావు. ఇక్కడికి కనబడుతోంది. ఇంకో జానెడు పైకి… ఆఁ, అదీ!”

ఆయన చెప్పినచోట వేలు పెట్టాను. నా వేలి కింద మామూలు సున్నం. నేను చేసిన వస్తువు ఎంతవరకు ఉందో నాకు తెలియదు, రోడ్డు మీదున్నవాడికి తెలుసు.

పల్చని చోట సగం లెక్కన కట్టాలని మేష్టారు నిర్ణయించారు. తలుపు తీసేశాం. కిటికీలు తీసేస్తుంటే నాకు ఆశ పుట్టింది.

“మేష్టారూ, కిటికీలోంచి లోపలికి కూడా పోయిందండీ. లోపల బల్లల మీద పడుతోంది.”

“అది నువ్వు గీసిన కాగితంలో ఉందా?”

“లేదండి.”

“మరైతే అది నీది కాదు” అన్నారు. ఎవరిదో చెప్పలేదు.

ప్రార్థన పాటల కాగితం వెనక, సున్నానికిచ్చిన రేటుకే, ఆయనే లెక్క కట్టారు. నేను అడిగినదానికన్నా కాస్త ఎక్కువే వచ్చింది. కమిటీ ఆయన దగ్గకుండా ఇచ్చాడు. మా మామగారికి చెబుదామని చూస్తే, ఆయన టేపు కొస ఇంకా వదల్లేదు. అక్కడే నిలబడి తల పైకెత్తి గోడకేసి చూస్తున్నారు. టేపు పట్టుకున్న ఇరవై నలుగురు మామగార్లు గోపురం దాకా ఉన్నారు. ఆయన మెల్లగా రెండో చెయ్యి ఎత్తారు. అందరూ ఎత్తారు. దించారు.

“అల్లుడుగారూ, నేను ఇంతమందినా?”

“మీరు ఒక్కరేనండీ. మిగతాది డిజైను.”

ఆ రాత్రి బస్సెక్కేదాకా ఆయన కొట్టు ఊసెత్తలేదు. నాలుగు రోజుల తర్వాత నూజివీడు బస్సు టాపు మీద పచ్చ కుర్చీ వచ్చింది, చీటీ ఏమీ లేకుండా. జనవరి ఒకటిన, మాట ఇచ్చిన ప్రకారం, దాంట్లోనే కూర్చున్నాను. సైకిలు షాపు మేడ మీద.

పది గంటలకు పెనుగొలను నుంచి ఇద్దరొచ్చారు. ఉత్సవానికి లైటింగు కావాలట. చదరపు అడుగు రేటు విని తలూపారు. కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“మాక్కూడా ఆ నీడలు కావాలండీ” అన్నాడు పెద్దాయన. “మేష్టారితో కలిపి ఎంత, విడిగా ఎంత?”

మేష్టార్నడిగి చెప్తానన్నాను.